తలంబ్రాలను పట్టుట ఎట్లు? హైదరాబాదు వీడియో చరిత్ర

క్రొత్తగా వీడియో కేమెరా కొన్నవారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: దీనిలో ఏ అంకెను ఎంతకు పెట్టినచో బొమ్మ బాగుండును? అంగడివాడు చెప్పు సమాధానమును ఒక్కటే: అన్నిటికంటె పెద్ద అంకెను పెట్టుకొనుడని. ఆ మాట సగము నిజము. మిగిలిన సగము తెలియవలెనన్నచో మన హైదరాబాదులో ఏబది యేండ్లుగా వీడియో నడచివచ్చిన దారిని ఒకమారు చూడవలెను. ఏలయన, ఈ నగరమున బొమ్మ పట్టినది ఒకచోట, దానిని చూచువారు సముద్రముల కావల వేఱొకచోట ఉండుట ఒక తరమువారికి నిత్యవిషయమైపోయినది. బొమ్మ పట్టు చోటి దీపము, పట్టు కేమెరా, చూపు యంత్రము, ఈ మూడును ఒక లెక్కకు కుదిరినపుడే బొమ్మ నిలుచును. కుదరనిచో ఎంత పెద్ద అంకెయు దానిని కాపాడలేదు. ఈ సంగతిని మనవారు డబ్బు పోసియు, కొన్ని పెండ్లిండ్ల జ్ఞాపకములను పోగొట్టుకొనియు నేర్చుకొనిరి.

టెలివిజను బొమ్మ మన పల్లెలకు మొదట ఆకాశమునుండి దిగివచ్చినది. 1975 ఆగస్టు 1వ తేదీన మొదలై 1976 జూలై 31తో ముగిసిన ఉపగ్రహ విద్యా టెలివిజను ప్రయోగము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు బొమ్మలు చూపెను. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉపగ్రహము అమెరికావారిది, కార్యక్రమములు మనవి. వానిని సిద్ధము చేయుటకు ఢిల్లీ, కటకములతోపాటు హైదరాబాదునందును ఒక కేంద్రము వెలసినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రసారములు ఆరంభించెను. 1982లో దేశమున రంగుల ప్రసారము వచ్చెను. రంగులకై మన దేశము ఎన్నుకొన్నది 'పాల్' అను పద్ధతి.

ఈ పేరు ఎన్నడును వినని ఇండ్లవారు గూడ దీని ఫలమును అనుభవించిరి కనుక, దానిని కొంచెము వివరింతుము. పాల్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. సెకనుకు 25 నిండు బొమ్మలు. ఒక్కొక్క బొమ్మయు రెండు సగములుగా వచ్చును: మొదట ఒకటి విడిచి ఒకటిగా కొన్ని గీతలు, పిమ్మట విడిచిన గీతలు. అనగా సెకనుకు 50 సగములు. అమెరికావారి 'ఎన్.టి.ఎస్.సి.' పద్ధతిలో 525 గీతలు; సెకనుకు 30 బొమ్మలు, 60 సగములు. ఈ భేదము ఏ పండితుల వాదమువలననో వచ్చినది కాదు. మన గోడ ప్లగ్గులోని విద్యుత్తు సెకనుకు 50 మారులు ఊగును. అమెరికాలో 60 మారులు ఊగును. తొలినాటి యంత్రములు ఆ ఊపుతో కలిసి నడచిననే గాని బొమ్మ కదలక నిలువలేదు. 1953లో అమెరికావారు రంగును చేర్చునపుడు ఆ 30ని వేయింట ఒక పాలు తగ్గించి 29.97 చేసిరి. ఆ చిల్లర నేటికిని ఎడిటింగు చేయువారి ప్రాణము తీయుచున్నది.

జపాను దేశపు జె.వి.సి. వారు 1976లో వెలువరించిన వి.హెచ్.ఎస్. కేసెట్టు 1980ల నాటికి మన పెండ్లి పందిళ్లలో అడుగు పెట్టినది. భుజముపై బరువైన కేమెరా మోయు ఒకడు, వాని వెనుక వేయి వాట్ల హేలొజెన్ దీపము పట్టుకొని నడచు కుఱ్ఱవాడొకడు. ఆ దీపము తమపై పడిన క్షణమున బంధువులందఱు నమలుట మాని బిగుసుకొని కూర్చుండెడి దృశ్యము ఆనాటి కేసెట్లన్నిటను కనబడును. పెండ్లికూతురు కన్నులు చికిలించుటకు సిగ్గు కారణమని పెద్దలు అనుకొనిరి. దీపపు వేడిమియే అసలు కారణమేమో!

ఆనాటి కేమెరాలో ఎన్నుకొనదగినవి రెండు మూడే. వానిలో ముఖ్యమైనది టేపు వేగము. 'ఎస్.పి.' అనునది మామూలు వేగము; 'ఎల్.పి.' అనునది అందు సగము. మూడు గంటల కేసెట్టు ఎల్.పి.లో ఆఱు గంటలు నడచును. స్నాతకము మొదలు అప్పగింతల వఱకు ఒక్క కేసెట్టులో ఇముడునని సంతోషించి ఎల్.పి. పెట్టించినవారు పలువురు. వేగము తగ్గినకొలది టేపుపై వ్రాత సన్నగిల్లును, బొమ్మలో గింజలు లేచును. అసలే వి.హెచ్.ఎస్. టేపు రంగును చాల పొదుపుగా వ్రాయును. నలుపు తెలుపుల వివరము ఒక మోస్తరుగా నిలిచినను రంగు వివరము అందులో చిన్న పాలు మాత్రమే. అందుచేతనే ఆనాటి కేసెట్లలో ఎఱ్ఱని పట్టుచీరె రంగు అంచు దాటి ప్రక్కనున్నవారి తెల్లని పంచెపైకి కారినట్లుండును. ఇది సాలెవాని లోపము గాదు, కేమెరా పట్టినవాని లోపమును గాదు.

మఱి ఎడిటింగు అనగా ఒక టేపునుండి వేఱొక టేపునకు ఎత్తి వ్రాయుట. ఎత్తిన ప్రతిమారును బొమ్మ ఒక మెట్టు దిగును. స్టూడియోవారు పువ్వులు, హృదయాకారములు చేర్చి వ్రాసినది రెండవ తరము. దానినుండి మేనమామకు ఇచ్చిన ప్రతి మూడవ తరము. మేనమామ వియ్యంకునికి ఇచ్చినది నాల్గవది. అంతకంటె మాకు కష్టముగా తోచునది వేఱొకటి కలదు. పువ్వుల క్రింద సినిమా పాట పెట్టుటకై పురోహితుని మంత్రము, తాతగారి దీవెన, ఆడపడుచుల వేళాకోళము తుడిచివేయుట ఆనాడు ఆచారమైపోయినది. మేము ధ్వనితో బ్రతుకువారము గనుక పక్షపాతమున పలుకుచున్నామని శ్రోతలు అనుకొనినను సరియే. ముఖము ఫొటోలోనైనను మిగిలినది. ఆ కంఠము ఎచ్చటను మిగులలేదు.

1998 నవంబరు 22న మాదాపురములో సైబర్ టవర్సును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అదే యేట గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వెలసినది. బండరాళ్ల నడుమ లేచిన ఆ గుండ్రని భవనము చుట్టును హైటెక్ సిటీ పెరిగినది. అమీర్‌పేటలో కంప్యూటరు పాఠములు నేర్చిన యువకులు కొందఱు ఆ కార్యాలయములకు, కొందఱు అమెరికాకు వెడలిరి. పెండ్లికి మూడు వారముల సెలవుపై వచ్చి తిరిగి విమానమెక్కువారి పెట్టెలో ఆవకాయతోపాటు పెండ్లి కేసెట్టును చేరెను. మన కథలో గట్టి చిక్కు ఇచ్చట వచ్చినది.

హైదరాబాదు కేసెట్టు పాల్. అమెరికాలోని యంత్రము ఎన్.టి.ఎస్.సి. కేసెట్టు ఆకారము ఒక్కటే కనుక అది యంత్రమున చక్కగా దూరును. తెరపై మాత్రము బొమ్మ నిలువక దొర్లిపోవును, లేదా గీతలే కనబడును. కేసెట్టు చెడిపోయినదని ఇక్కడివారిని ఆక్షేపించినవారును కలరు. తెలిసినవారు పద్ధతి మార్పించి పంపిరి. ఆ మార్పులో 25 బొమ్మలను 30గా సాగదీయవలెను. అందుకై కొన్ని బొమ్మలను రెండుమార్లు చూపుదురు, లేదా రెండింటిని కలిపి ఒకటి చేయుదురు. 625 గీతలను 525కు కుదింతురు. నడచు పెండ్లికొడుకు జారుచు నడచినట్లుండును. అప్పటికే రెండవ తరమైన బొమ్మపై ఇది మఱియొక దెబ్బ.

దీనికి ఎదురుదారిన వచ్చిన తప్పు ఇంకను వింతయైనది. అమెరికానుండి వచ్చు బావగారు అచ్చటి అంగడిలో చిన్న కేమెరా కొని తెచ్చి, చెల్లెలి పెండ్లిని తానే పట్టెను. కేమెరా మంచిది, టేపు మంచిది. బొమ్మ మాత్రము ఆద్యంతము వెలుగుచు మలుగుచు, మిణుగురువలె కొట్టుకొనెను. తప్పు కల్యాణమండపపు ట్యూబులైట్లది. మన విద్యుత్తుపై వెలుగు ట్యూబులైటు సెకనుకు 100 మారులు వెలిగి తగ్గును. ఆ మిణుకును మన కన్ను గుర్తింపదు. సెకనుకు 60 సగములు తీయు అమెరికా కేమెరా ఒక సగములో రెండు వెలుగులను, మఱియొక సగములో ఒకటిన్నర వెలుగును పట్టును. ఆ హెచ్చుతగ్గులే తెరపై సెకనుకు 20 మారులు కొట్టుకొనుటగా కనబడును. మన కేమెరాకు ఈ బాధ లేదు. అది సెకనులో యాబదవ వంతు కన్ను తెఱచును, సరిగా రెండు వెలుగులు లోపలికి వచ్చును. బావగారి కేమెరాలో షట్టరును 1/100కు త్రిప్పినచో ప్రతి సగమునకు సరిగా ఒక వెలుగు దక్కెడిది, మిణుకు ఆగెడిది. బొమ్మ కొంచెము చీకటి యగును, అంతే. ఈ ఒక్క అంకె నేటికిని పనికివచ్చును. సెల్ ఫోనుతో సెకనుకు 60 బొమ్మలు పట్టువారికి 1/100, 30 బొమ్మలు పట్టువారికి 1/50 లేక 1/100 మన దీపముల క్రింద క్షేమము. ఎల్.ఇ.డి. దీపములు తయారీనిబట్టి మారును గనుక ముందుగా ఒక నిమిషము పట్టి చూచుకొనవలెను.

1995లో డి.వి. టేపు వచ్చినది. మన తెలుగువారికి ఆ సంవత్సరము వేఱు విధముగా గూడ గుర్తు. జెమిని, ఈటీవీ ప్రసారములు ఆరంభమైనది ఆ యేటనే. డి.వి. బొమ్మను అంకెలుగా మార్చి సెకనుకు రెండున్నర కోట్ల బిట్ల చొప్పున వ్రాయును. ఎన్నిమార్లు ఎత్తి వ్రాసినను అంకె అంకెయే గనుక తరములవారీ క్షయము ఆగిపోయినది. ఒక తీగ తగిలించినచో టేపులోని అంకెలు ఉన్నవి ఉన్నట్లు కంప్యూటరులోనికి దిగును. గంటకు సుమారు 13 గిగాబైట్లు! ఆనాటి కంప్యూటర్లకు అది కొండ. పాత పద్ధతి డిస్కులపై ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటరాదు గనుక పదునెనిమిది నిమిషములు కాగానే దిగుమతి ఆగెడిది. పగలు ఇతర దేశముల బ్యాంకుల లెక్కలు సరిచేయు కొండాపురపు ఇంజనీరు రాత్రి తన పెండ్లిని పదునెనిమిదేసి నిమిషముల ముక్కలుగా దించుకొనెను.

కంప్యూటరు చేసిన అసలు ఉపకారము వేఱు. టెలివిజనువలె అది పాల్, ఎన్.టి.ఎస్.సి. అను పంక్తిభేదము చూడదు. ఏది పెట్టినను చూపును. రెండు దేశముల నడుమ చిక్కుపడిన బొమ్మకు దానివలన విడుదల కలిగినది. కాని బొమ్మను మార్చనక్కఱలేదన్న ఆ సంగతిని చాలమంది గ్రహింపక, అలవాటుచొప్పున పద్ధతి మార్చుచునే యుండిరి.

డి.వి. కేమెరాలో రెండు ఎన్నికలు ముఖ్యమైనవి, రెంటిని గూర్చియు మనవారికి తప్పుడు అభిప్రాయములు ఉండెను. మొదటిది మరల ఎస్.పి., ఎల్.పి. సంగతియే. వి.హెచ్.ఎస్.లో ఎల్.పి. బొమ్మను చెఱచును. డి.వి.లో అట్లు గాదు. రెంట వ్రాయబడు అంకెలు అవియే. గంట టేపు గంటన్నర నడచుటకై గీతలను ఒకదాని కొకటి దగ్గఱగా, సన్నముగా వ్రాయును. బొమ్మ అంతే బాగుగా ఉండును. కాని దుమ్ము తగిలినచో తునిగిపోవును. వేఱొక కేమెరాలో పెట్టినచో చదువబడునన్న నమ్మకము లేదు. రెండవది ధ్వని. 48 వేల నమూనాలతో 16 బిట్లు ఒక ఎన్నిక, 32 వేలతో 12 బిట్లు ఇంకొకటి. రెండవదానిలో తరువాత పాట చేర్చుకొనుటకు చోటుండునని చెప్పి పలు కేమెరాలు దానినే ముందుగా అమర్చి అమ్మబడెను. నాదస్వరము వంటి వాద్యపు పై స్వరములు, డోలు దెబ్బ అంచు అందులో మొద్దుబారును. బొమ్మకై వేలు పోసి, ధ్వనికై ఒక మీట త్రిప్పనివారు ఎందఱో.

ఇట్లు మేలైన టేపు చేతికి వచ్చిన కాలముననే మన ఇండ్లలోనికి వి.సి.డి. వచ్చుట ఒక దురదృష్టము. చవక, తేలిక, ఎచ్చటనైనను ఆడును. కాని అది బొమ్మను నిలువున సగమునకు, అడ్డమున సగమునకు కుదించి, సెకనుకు పదునొకటిన్నర లక్షల బిట్లలో సర్దును. డి.వి.లో ఉన్నదానిలో సుమారు ఇరువదవ వంతు. మాటలాడు ముఖమునకు అది చాలును. తలంబ్రాలకు చాలదు.

ఈ సంగతి కొంచెము నిలిచి చూడదగినది. డి.వి. ప్రతి బొమ్మను విడిగా వ్రాసికొనును. వి.సి.డి., డి.వి.డి., తరువాతి ఏ.వి.సి.హెచ్.డి. కేమెరాలు, నేటి సెల్ ఫోను, ఇవి యన్నియు ఒక బొమ్మను నిండుగా వ్రాసి, తరువాతి కొన్నిటికి 'ఏమి మారినది' అనుదానిని మాత్రమే వ్రాయును. గోడ కదలదు, స్తంభము కదలదు. వాని ఖర్చు లేదు. మిగిలిన బిట్లన్నియు కదలు చేతికి దక్కును. ఇది తెలివియైన పొదుపే. కాని పసుపు కలిపిన బియ్యపు గింజలు వేలకొలది ఒక్కమారుగా, ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు ఎగిరిన క్షణమున తెరపై మారనిది ఏదియు ఉండదు. బిట్లు చాలక యంత్రము బొమ్మను చదరములుగా కోసివేయును. పెండ్లి అంతటిలోను ఎవ్వరును చూడవలెనని కోరు ఆ అర నిమిషమే వి.సి.డి.లో గచ్చుబండలవలె కనబడుటకు కారణమిది. చీకటిలో కేమెరా తనంత తాను 'గెయిన్' పెంచినపుడు లేచు గింజలును ఇట్టివే. అవియు క్షణక్షణము మారును గనుక యంత్రము ముఖమునకు పెట్టవలసిన బిట్లను వానికి పెట్టును. కావున పెద్ద అంకె పెట్టుమన్న అంగడివాని మాట నిజమైనది బిట్ల విషయమున. 2006లో వచ్చిన ఏ.వి.సి.హెచ్.డి. కేమెరాలలో సెకనుకు 24 మెగాబిట్ల వఱకు, 2011 తరువాతి వానిలో 28 వఱకు ఉండును. తలంబ్రాలకు ముందు దానిని పైమెట్టునకు చేర్చి, గెయిన్‌కు కళ్లెము వేసి, ఇంకొక దీపము వెలిగించుట ఉత్తమము.

సెకనుకు 25 అను లెక్కను ఎన్నుకొన్నచో మొదటినుండి తుది వఱకు, అన్ని కేమెరాలకును అదియే ఉండవలెను. ఎడిటింగు పట్టికకు గూడ అదే అంకె. సగములుగా పట్టిన పాత బొమ్మలలో ఏ సగము ముందన్నది గూడ చూడవలెను: డి.వి.లో క్రింది సగము ముందు, హెచ్.డి.లో సాధారణముగా పై సగము ముందు. తారుమారైనచో చేయి ముందుకు వెనుకకు కొట్టుకొనును. సెల్ ఫోనులు చీకటిలో తమంత తాము బొమ్మల సంఖ్యను తగ్గించి, వెలుగులో పెంచును. అట్టి ఫైలును నేరుగా కత్తిరించినచో పెదవి ఒకచోట, మాట ఒకచోట పడును. దానిని మొదట స్థిరమైన సంఖ్యకు మార్చుకొని పిమ్మట కత్తెర పట్టవలెను. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువుపై కేబుల్ వంతెన తెఱచినది మొదలు రాత్రివేళ దాని రంగుదీపములను పట్టుటకు వచ్చువారి సంఖ్య ఎక్కువ. వంతెన మాత్రము అందముగా వచ్చి, పైనున్న నల్లని ఆకాశము చీమలపుట్టవలె కదలుటకు పైన చెప్పిన గెయినే కారణము. వెలుగును వంతెనకు సరిపెట్టి అచ్చటనే బిగించినచో ఆకాశము నల్లగానే ఉండును.

అదే 2020లో కరోనా కట్టడుల వలన పెండ్లికి ఏబదిమందికి మించరాదను నియమము వచ్చినపుడు, అమెరికాలోని అన్నలు, అక్కలు తెఱిచిన కంప్యూటరు ముందు కూర్చుండి అక్షతలు చల్లిరి. కేసెట్టు నాటి మూడు వారముల ఎడము క్షణములకు తగ్గినది. అందును ఒక పాఠము కలదు. ఇంటి ఇంటర్నెట్టు పైకి మోయగలిగినదానికంటె పెద్ద బొమ్మను పంపినవారికి మాంగల్యధారణ సమయమున తెర గడ్డకట్టినది. 1080 గీతలను విడిచి 720తో పంపినవారు నిరాటంకముగా చూచిరి. అట్టివారు కేమెరాలోని కార్డుపై మాత్రము పెద్ద బొమ్మను వేఱుగా వ్రాసికొనుట మఱవలేదు.

ఇక ఇండ్లలో మిగిలిన పాత కేసెట్ల మాట. వి.హెచ్.ఎస్. యంత్రములను చిట్టచివరి వఱకు తయారు చేసిన జపాను దేశపు ఫునాయి కంపెనీ 2016 జూలైలో ఆ పని మానివేసినది. ఉన్న యంత్రములు అరుగుచున్నవి. వానకాలపు చెమ్మకు టేపులపై తెల్లని బూజు పట్టుచున్నది. బూజు పట్టినదానిని యంత్రమున పెట్టరాదు. అది యంత్రమునకు అంటి తరువాతి టేపునకు గూడ సోకును. ముందు శుభ్రము చేయించవలెను. కంప్యూటరునకు ఎక్కించువారు పాల్ కేసెట్టును 720 అడ్డము, 576 నిలువు, సెకనుకు 25 అను కొలతలోనే, రెండు సగములను విడదీసి కలుపక ఉన్నవి ఉన్నట్లుగా దించుమని అడుగవలెను. అమెరికానుండి వచ్చినదైనచో 480 నిలువు, 29.97. మన పద్ధతికి మార్పనక్కఱలేదు. 'నాలుగు కె'గా పెంచి మెఱుగులు దిద్ది ఇత్తుమని స్టూడియోవారు ముచ్చటపడినచో ఆ మెఱుగుల ప్రతిని వేఱుగా తీసికొని, మెఱుగులు లేనిదానిని గూడ తప్పక తెచ్చుకొనవలెను. పువ్వులు చేర్చిన కేసెట్టుకంటె, స్టూడియోలో గాని అటకపైన గాని కత్తెర పడని మూల కేసెట్టు దొరకునేమో ముందు వెదకుట మేలు. తాతగారి కంఠము దానిలోనే ఉండును.

డి.వి. టేపులున్నవారు డబ్బాపై 'ఎల్.పి.' అని వ్రాసియున్నదేమో చూడవలెను. ఉన్నచో ఆ టేపును వ్రాసిన కేమెరాయే దానిని చక్కగా చదువును. బావగారు దానిని ఏ పెట్టెలో పెట్టి మఱచిరో ఇప్పుడే ఫోను చేసి అడుగవచ్చును.